మాట్లాడిన సిస్టర్‌కి ఐదు స్టార్లు, ఆ వెనకున్న ఆఫీసుకి రెండే

మాది నెల్లూరు దగ్గర పల్లె. నాన్నకి ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి విడత కీమో అయ్యాక కొన్నాళ్ళు బాగానే తిరిగాడు, పొలానికి కూడా వెళ్ళొచ్చాడు, మళ్ళీ స్కాన్‌లో తేడా కనిపించింది. చెన్నైలో మేం చూపించుకునే ప్రైవేటు ఆసుపత్రిలో డాక్టరు గారు, కొత్త మందు మీద ఒక ట్రయల్ నడుస్తోంది, ఇష్టమైతే ఆలోచించుకోండి అని నాలుగు నిమిషాల్లో తేల్చేశారు. బయటికి రాగానే నాన్న, "నా మీద ప్రయోగం చేస్తారా ఏంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టుకుని మాట్లాడిన రీసెర్చ్ నర్సు గురించి, ట్రయల్స్ చూసే వాళ్ళ ఆఫీసు గురించి ఈ రివ్యూ. నాన్నకి వైద్యం ఇంకా అక్కడే జరుగుతోంది కాబట్టి ఆసుపత్రి పేరు పెట్టడం లేదు.

సిస్టర్‌ది తిరుత్తణి వైపు. తెలుగు వచ్చు, మధ్యమధ్యలో తమిళం దొర్లుతుంది, నాన్నని "అప్పా" అని పిలిచేది. మందు సంగతి ఎత్తకముందే చెప్పిన మాట ఇది: "మీరు వద్దన్నా ఇదే డాక్టరు, ఇదే వైద్యం. ఒప్పుకుని మధ్యలో మానేసినా అంతే, ఎందుకని ఎవరూ అడగకూడదు." నాన్న అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు, ఆ మాటకి వెనక్కి ఆనుకున్నాడు.

తర్వాత గంటకు పైనే కూర్చుంది. ఇది మూడో దశ ట్రయల్, అంటే చాలామంది పేషెంట్ల మీద మామూలు వైద్యంతో పోల్చి చూసేది అంది, రెండు గుంపులు, ఎవరు ఏ గుంపులో పడతారో కంప్యూటర్ చీటీ వేసినట్టు తేలుస్తుంది, అది డాక్టరుకీ తెలియదు అంది. నాన్నకి అనుమానం, "అయితే నాకు ఉత్త సెలైను ఎక్కించి పంపిస్తే?" అని. సిస్టర్ కాగితాల్లో ఆ పేజీ తీసి వేలు పెట్టి చూపించింది: ఈ ట్రయల్‌లో రెండు గుంపులకీ మామూలు కీమో ఉంటుంది, ఒకళ్ళకి దానికి తోడు కొత్త మందు, ఇంకొకళ్ళకి దానిలాగే కనిపించే మందులేని డోసు. అన్ని ట్రయల్సూ ఇలాగే ఉంటాయనుకోవద్దు, ప్రతిదానికీ ఇది అడిగి తెలుసుకోవాలి అని కూడా చెప్పింది.

అసలు నాకు నచ్చింది దీని తర్వాత. "ఇప్పుడు మీకేం అర్థమైందో నాకు చెప్పండి అప్పా" అంది. నాన్న తడుముకోకుండా, "లాటరీ కదమ్మా. తగిలితే కొత్త మందు, తగలకపోతే పాతదే" అన్నాడు. "తగిలితే అంటున్నారే, కొత్తది మంచిదని ఎవరు చెప్పారు?" అంది. నాన్న నా వంక చూశాడు, నేను గోడ వంక చూశాను. నేనూ లోపల అదే అనుకుంటున్నాను మరి, కొత్తదంటే మంచిదేనని. "తెలిస్తే ట్రయల్ ఎందుకు? దీని వల్ల మేలు జరగకపోవచ్చు, కొత్త ఇబ్బందులూ రావచ్చు" అని అప్పుడు ఒక్కొక్క దుష్ప్రభావం చదివి చెప్పింది. చెయ్యి తిరిగిన సేల్స్‌మన్ అయితే ఆ లాటరీ మాటని అక్కడే వాడుకునేవాడు.

పాత ఈసీజీ కాగితం వెనక క్యాలెండర్ కూడా గీసిచ్చింది. 21 రోజులకొకసారి మందు, దానికి ముందు రక్త పరీక్ష, కొన్ని విడతలకొకసారి స్కాన్. నాన్న అది చూసి "ఇరవై ఒక్క రోజులా, నారుమడి లెక్కే" అన్నాడు. ఆ తర్వాత ఆ లెక్క ఆయనకి ఎవరూ గుర్తు చెయ్యాల్సిన పని లేకపోయింది.

ఒప్పంద పత్రం తమిళంలో, ఇంగ్లీషులోనే ఉంది. చదవలేని భాషలో సంతకం పెట్టొద్దని సిస్టరే అడ్డం పడింది. తెలుగు ప్రతిని ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో పేషెంట్లకి అన్యాయం జరక్కుండా చూసే కమిటీ) ఒప్పుకోవాలట, తొమ్మిది రోజులు పట్టింది. మంచిదే అయింది, ఆలోగా తమ్ముడు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఈ ట్రయల్ నంబరు కొట్టి చూశాడు (2009 జూన్ నుంచి మన దేశంలో ప్రతి ట్రయల్‌నీ అందులో నమోదు చెయ్యడం తప్పనిసరి, చూడ్డానికి పైసా ఖర్చు లేదు), కాగితంలో ఉన్నదీ అక్కడున్నదీ ఒకటేనని తేలాక ఇంట్లో సగం టెన్షన్ తగ్గింది.

సంతకం రోజు ఒక చోట ఆగిపోయాం. ఆ పత్రంలో నామినీ పేరు, చుట్టరికం రాయాలి, ట్రయల్ వల్ల మనిషి పోతే పరిహారం ఎవరికివ్వాలో అని. అమ్మ అది విని లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. సిస్టర్ పెన్నుకి మూత పెట్టి, ఇవాళే పెట్టాలని లేదు, టీ తాగి రండి అంది. 2019 నాటి రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల ఏదైనా హాని జరిగితే వైద్యం ఉచితంగా చెయ్యాలనీ, ఈ గడి పేషెంటు కోసమే ఉందనీ అమ్మకి వరండాలోనే చెప్పింది. అరగంట తర్వాత నాన్న అమ్మ పేరు తనే రాశాడు.

ఇక ఆఫీసు. సంతకం తర్వాత చేసిన రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే లెక్క) ఎక్కువొచ్చింది, కిడ్నీలు ఆ మందుకి తట్టుకోలేవని నాన్నని ట్రయల్‌లోకి తీసుకోలేదు. అందులో తప్పు లేదు, అంతకుముందు వాడిన సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కిడ్నీల మీద పడుతుందని మాకు ముందే తెలుసు. కానీ ఆ సంగతి చెప్పిన తీరు? ఫోనుకి ఇంగ్లీషులో రెండు లైన్ల మెసేజ్, అంతే. అప్పుడు సిస్టర్ సెలవులో ఉంది, ఆమె బదులు ఇంకెవరూ లేరు, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. వద్దనుకునే హక్కు మనకుందని అంత ఓపిగ్గా చెప్పిన చోట, వాళ్ళు మనల్ని వద్దన్నప్పుడు పలకరించే మనిషి లేకపోవడమేంటి? నాన్న మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. సెలవు నుంచి వచ్చిన రోజే సిస్టర్ ఫోన్ చేసి నాన్నతోనే మాట్లాడింది, ట్రయల్‌కి పనికిరాలేదంటే వైద్యానికి పనికిరాలేదని కాదు అని.

ఇంకో సంగతి, ఆ గదికి తలుపు లేదు, కర్టెనే. పక్కవాళ్ళ కష్టమంతా మనకీ, మనది వాళ్ళకీ వినిపిస్తుంది.

వెళ్ళేవాళ్ళు ట్రయల్ మందు, దాని పరీక్షలు కాకుండా మామూలు కీమో ఖర్చు ఎవరిదో విడిగా అడగండి, మాకు అది రెండోసారి అడిగితే గానీ తెలీలేదు. సంతకం చేసిన కాగితం కాపీ ఇంటికి తెచ్చుకోండి. టికెట్లు పారెయ్యొద్దు, రానూపోనూ ఖర్చులు ఇస్తామని మా పత్రంలో రాసుంది. మేం పినాకిని రైలుకి కొన్న టికెట్లన్నీ ఇచ్చి రెండు నెలలైంది. డబ్బులు పడితే ఇక్కడే రాస్తాను.