పరుగెత్తే గుర్రం మీద బాణం: గర్ప్స్ వేగం పట్టికతో ఎనిమిదేళ్లు

ఎనిమిదేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో గర్ప్స్ (GURPS) ఆడుతున్నాం. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ కథ నడిపించే రోల్‌ప్లేయింగ్ ఆట ఇది. కథ నడిపి నిబంధనలు చూసుకునే గేమ్ మాస్టర్‌ని నేనే. మేం ఆడేది 2004లో వచ్చిన నాలుగో ఎడిషన్. అందులో చాలా నిబంధనలు పక్కన పెట్టేశాం, కొన్ని మార్చుకున్నాం. ఒక్క పట్టికను మాత్రం మొదటి వారమే జిరాక్స్ తీసి లామినేషన్ చేయించాను. లక్ష్యం ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా పోతోంది అన్నవి కలిపి చూసే పట్టిక అది. ఈ సమీక్ష దాని గురించే.

అంతకు ముందు డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్) అనే ఇలాంటి ఆటే, ఐదో ఎడిషన్ ఆడేవాళ్లం. అందులో లాంగ్‌బో, అంటే పొడవాటి విల్లు, 150 అడుగుల దాకా మామూలుగా కొడుతుంది, అది దాటితే 600 అడుగుల దాకా డిస్‌అడ్వాంటేజ్‌తో, అంటే డైస్ రెండుసార్లు వేసి తక్కువ పడ్డది తీసుకుని, కొడుతుంది. ఎదుటివాడు నిలబడి ఉన్నాడా, గుర్రమెక్కి దూసుకుపోతున్నాడా అన్నది లెక్కలోకి రాదు. ఆట చకచకా సాగుతుంది, కాదనను. కానీ నాకు ఎప్పుడూ వెలితిగానే ఉండేది. చిన్నప్పుడు ఏడు పెంకులాట ఆడినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వంగి పెంకులు పేర్చేవాడి వీపు మీద బంతి వేయడం వేరు, మన ముందు నుంచి అడ్డంగా పరుగెత్తేవాణ్ణి కొట్టడం వేరు. వాడున్న చోటికి వేస్తే బంతి వెనకాలే పోతుంది.

గర్ప్స్ పద్ధతి తేలిక. దూరం గజాల్లో, వేగం సెకనుకు ఇన్ని గజాలని. రెండూ కూడి, వచ్చిన మొత్తానికి పట్టికలో మైనస్ ఎంతో చూసి స్కిల్‌లోంచి, అంటే ఆ పాత్ర నేర్పుని చెప్పే అంకెలోంచి, తీసేయాలి. మొత్తం 2 అయితే ఏమీ పోదు. 10 అయితే మైనస్ 4, 100 అయితే మైనస్ 10, 1000 అయితే మైనస్ 16. మధ్యలో పడితే పై మెట్టు తీసుకోవాలి. తర్వాత మూడు డైస్ వేస్తే, వాటి మొత్తం మిగిలిన స్కిల్‌కి సమానంగా గానీ తక్కువగా గానీ పడాలి. ఈ ఆటలో టర్న్ అంటే ఒక్క సెకను. అందుకే వేగాన్నీ దూరాన్నీ అలా కూడేయొచ్చు.

ఇది ఎంత బాగా పనిచేస్తుందో మా చెల్లెలి బాణంతోనే తెలిసింది. తన విలుకత్తెకి స్కిల్ 14. దారి పక్కన పొదలో కాచుకుని ఉంది. శత్రువుల వార్తాహరుడు సెకనుకు 16 గజాల వేగంతో ఆమెకి నాలుగు గజాల దూరం నుంచి దూసుకుపోతున్నాడు. నాలుగూ పదహారూ ఇరవై, అంటే మైనస్ 6. కొట్టాలంటే 8 గానీ అంతకంటే తక్కువ గానీ పడాలి.

"అన్నయ్యా, పక్కనుంచే పోతున్నాడు కదా, ఇంత దగ్గర్నుంచి కూడా తగలదా?" అంది.

డైస్ వేసింది. నాలుగు, మూడు, రెండు. తొమ్మిది! వాడు నిలబడి ఉంటే మైనస్ 2 మాత్రమే, 12 దాకా పడినా తగిలేది. అంటే నూటికి 74 సార్లు తగలాల్సిన బాణం, వేగం వల్ల 26 సార్లకి దిగిపోయింది. ఆ రోజు తను బాగా బాధపడింది. కానీ మళ్లీ వచ్చిన అవకాశంలో దారి మలుపు తిరిగే చోట, గుర్రం ఎలాగూ నెమ్మదించే చోట కాచుకుంది. ఇంకోసారి దారికి అడ్డంగా తాడు కట్టించింది. నేను ఏమీ చెప్పలేదు, అంకెలే నేర్పాయి. ఈ పట్టిక నాకు ఇంత నచ్చడానికి అసలు కారణం ఇదే.

లోపాలూ ఉన్నాయి. దూరం పెరిగేకొద్దీ వేగానికి విలువ లేకుండా పోతుంది. 100 గజాల్లో నిలబడ్డవాడికి మైనస్ 10. అదే దూరంలో గుర్రం మీద అడ్డంగా పోయేవాడికి 116, పై మెట్టు 150, కాబట్టి మైనస్ 11. తేడా ఒక్కటే! తుపాకీకి సరిపోతుందేమో గానీ బాణానికి ఇది అన్యాయం. అంత దూరం చేరడానికి బాణానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది, ఈలోపు గుర్రం 30 గజాలు పోతుంది. మెట్ల లెక్కతో ఇంకో తంటా ఉంది. 51 గజాల్లో నిలబడ్డవాడికీ, అక్కడే గుర్రం దౌడు తీస్తున్నవాడికీ ఒకటే మైనస్ 9, ఎందుకంటే 51 అయినా 67 అయినా 70 మెట్టులోనే పడతాయి.

మొదట బాణాలకి వేగాన్ని రెట్టింపు చేసి చూశాం. 100కి 32 కలిపితే 132, మళ్లీ అదే మైనస్ 11. ఏమీ మారలేదు. చివరికి, 50 గజాలు దాటిన దూరంలో అడ్డంగా దౌడు తీసే గుర్రం మీద బాణం వేస్తే, పట్టిక చెప్పినదానికి తోడు ఇంకో మైనస్ 3 అని పెట్టుకున్నాం. నేరుగా మీదికి వచ్చేవాడికి మాత్రం వేగం కలపం, దూరం ఒక్కటే చూస్తాం. మామూలుగా నడిచేవాళ్లకీ కలపం. ఈ మూడు సవరణలతో నాలుగేళ్లుగా మా టేబుల్ మీద గొడవ రాలేదు.

కొత్తగా చేరినవాళ్లకి మొదటి రెండు వారాలు కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. ప్రతి బాణానికీ కూడిక, పట్టిక, తీసివేత. ఆ తర్వాత అంకెలు నోటికి వచ్చేస్తాయి. మీ ఆటలో ఎక్కువగా కత్తియుద్ధాలే అయితే దీని అవసరం రాదు. గుర్రాలూ, బండ్లూ, వెంటాడే సీన్లూ ఉంటే మాత్రం ఒక్కసారైనా పెట్టి ఆడండి.

లామినేషన్ మీద మార్కర్‌తో రాసిన ఆ మైనస్ 3 ఇప్పటికి రెండుసార్లు చెరిగిపోయింది. ఈసారి కొత్త జిరాక్స్ మీద పెన్నుతో రాసి, ఆ తర్వాతే లామినేషన్‌కి ఇస్తాను.