తెల్లబోయిన మబ్బులకు డార్క్‌టేబుల్ ఎంతవరకు పనికొస్తుంది?

మబ్బుల అంచులు పూర్తిగా తెల్లగా పోయిన ఫొటోలు నా దగ్గర బోలెడున్నాయి, తప్పు నాదే, కెమెరా వెనక స్క్రీన్ చూసి బాగానే ఉందనుకుని వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫ్, అదే హిస్టోగ్రామ్ వంక చూడకుండా నొక్కేస్తుంటాను. వాటిని బాగుచేయడానికే కొన్నాళ్లుగా డార్క్‌టేబుల్ వాడుతున్నా. ఫొటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం, ఓపెన్ సోర్స్. మాడ్యూళ్ల (అందులోని ఎడిటింగ్ పనిముట్ల) పేర్లు చూసి మొదట్లో కాస్త తల తిరుగుతుంది, అంతే.

నాకు బాగా నచ్చింది 'రా క్లిప్పింగ్ ఇండికేటర్' ('రా' అంటే సెన్సర్ నుంచి నేరుగా వచ్చిన డేటా). మామూలు హెచ్చరిక ఎడిట్ చేశాక వచ్చిన తెలుపును చూపిస్తే, ఇది సెన్సర్ దగ్గరే నిండిపోయిన పిక్సెల్స్‌ని, అందులోనూ రెడ్, గ్రీన్, బ్లూ ఛానెళ్లలో ఏది పోయిందో రంగుతో సహా చూపిస్తుంది. పగటి వెలుగులో సాధారణంగా ముందు పోయేది గ్రీన్. మిగతా రెండింటినీ వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా రంగులు సరిచేసేది) పెంచేసరికి మబ్బుకి గులాబీ మరక అంటుకుంటుంది, దాన్ని చూసి కెమెరా పాడైందని నేను ఎంత టెన్షన్ పడ్డానో!

ఇలా పోయిన భాగాలను బాగుచేయడానికి డార్క్‌టేబుల్‌లో 4.2 వెర్షన్ నుంచి 'ఇన్‌పెయింట్ ఆపోజ్డ్' పద్ధతే డిఫాల్ట్. మిగిలిన ఛానెళ్లను ఆధారం చేసుకుని పోయినదాన్ని అంచనా కడుతుంది, నా ఫొటోల్లో చాలావాటికి అదే సరిపోయింది. 'గైడెడ్ లాప్లాసియన్స్' అనే మరో పద్ధతి కొన్నిచోట్ల ఇంకా మెరుగు, కానీ దాన్ని ఆన్ చేయగానే నా పాత లాప్‌టాప్ ఫ్యాన్ గోల మొదలెడుతుంది.

మూడు ఛానెళ్లూ పోయినచోట మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఒక తెల్ల చొక్కా భుజం మీద ఎక్స్‌పోజర్ తగ్గిస్తూ పోయాను, మడతలు రాలేదు సరికదా బూడిదరంగు అట్టముక్కలా తయారైంది. తెల్లగానే వదిలేశాను.