చార్లెస్టన్‌లో గుర్రబ్బండికి పోసిన 260 డాలర్లు

అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలోని చార్లెస్టన్ వెళ్లే మనవాళ్లు పాత ఊరు చూపిస్తామనే గుర్రబ్బండికి తొందరపడి డబ్బు కట్టకండి. మనిషికి 52 చొప్పున మా ఐదుగురికి 260 డాలర్లయింది. గైడు గంటసేపు మేడలు, వరండాలు, పెళ్లిళ్ల గురించి చెప్పాడు. అంత డబ్బు ఎవరి చెమటతో వచ్చిందో ఒక్క ముక్క చెప్పలేదు. అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం ఎందుకొచ్చిందని మా పాప అడిగితే, "రాష్ట్రాల హక్కుల కోసం. బానిసత్వం చిన్న విషయం" అనేశాడు.

మా మామయ్యగారు హైస్కూల్లో సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. బండి దిగాక అతన్ని అడిగారు: "పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించాలని 1850లో చట్టం తెప్పించుకున్నది దక్షిణాదివాళ్లే కదా? ఉత్తరాది రాష్ట్రాలు అప్పగించం అంటే, అప్పుడు ఆ రాష్ట్రాల హక్కు ఏమైంది?" అతను ఇంకో గుంపు వచ్చిందంటూ వెళ్లిపోయాడు. ఆ కోపంలో మామయ్యగారు మధ్యాహ్నం సరిగా తినలేదు కూడా.

ఆయన కోపం న్యాయమే. 1860లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన లింకన్ అన్నది కొత్త భూభాగాల్లోకి బానిసత్వాన్ని రానివ్వనని మాత్రమే. ఆయన గెలవగానే, 1860 డిసెంబరు 20న సౌత్ కరోలినా దేశం నుంచి విడిపోయింది. నాలుగు రోజుల తర్వాత ఇచ్చిన ప్రకటనలో బానిసత్వం మీద ఉత్తరాది వ్యతిరేకతనే కారణంగా చూపింది. దాచిపెట్టిందేమీ లేదు. అప్పటికి ఆ రాష్ట్ర జనాభాలో సగం మందికి పైగా బానిసలే.

చామర్స్ వీధిలోని ఓల్డ్ స్లేవ్ మార్ట్ మ్యూజియానికి టికెట్ 8 డాలర్లు. చిన్నదే, కానీ ప్రతి పైసాకీ విలువుంది. 1856లో వీధుల్లో బానిసల వేలాలు ఆపేశాక అమ్మకాలు లోపలికి మారాయి. ఇక్కడ మనుషుల్ని వేలం వేశారు. ఊళ్లోని పాత ఇటుకల మీద చిన్న చిన్న వేలి గుంటలు కనిపిస్తాయి. తడి ఇటుకల్ని తిప్పిన బానిస పిల్లలవి. పాప తన వేలు పెట్టి చూసింది, సరిగ్గా పట్టింది.

 

రేవు మధ్యలో ఉన్న ఫోర్ట్ సమ్టర్ కోటకి ఫెర్రీలో వెళ్లాలి. ఎండకి నీరసపడ్డ అత్తయ్య సముద్రపు గాలికి తేరుకున్నారు. 1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున ఈ కోట మీద పేలిన ఫిరంగులతోనే యుద్ధం మొదలైంది. గోడల్లో దిగబడిన గుళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కోట చూపించే పార్కు ఉద్యోగిని, అంటే రేంజర్‌ని, పాప మళ్లీ అదే ప్రశ్న అడిగింది. ఆవిడ తడుముకోకుండా "బానిసత్వం" అంది. తర్వాత నీళ్లవైపు చూపించి రాబర్ట్ స్మాల్స్ సంగతి చెప్పింది. అప్పటికి బానిసగా ఉన్న స్మాల్స్ 1862 మేలో దక్షిణాది సైన్యం ఓడని దొంగచాటుగా నడుపుకుంటూ, కెప్టెన్ టోపీ పెట్టుకుని, ఈ కోట ముందు నుంచే కుటుంబాన్ని దాటించాడట! తర్వాత కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. మామయ్యగారి ముఖం అక్కడ వెలిగింది.

ఆరు లక్షలకు పైగా సైనికులు చనిపోయాక, 1865 డిసెంబరులో రాజ్యాంగ 13వ సవరణతో బానిసత్వం రద్దయింది. సుమారు 40 లక్షల మందికి విముక్తి. కానీ 1895లో ఇదే రాష్ట్రం కొత్త రాజ్యాంగం రాసుకుని నల్లవారి ఓటు లాగేసుకుంది. స్మాల్స్ ఆ సభలోనే ఉండి ఎదిరించినా ఆగలేదు.

పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం ఫెర్రీ పెట్టుకోండి. గాడ్స్‌డెన్ రేవు దగ్గర 2023లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం కూడా చూడండి, సోమవారం మాత్రం మూసి ఉంటుంది.