అనంతగిరిలో సాయంత్రం సైకిల్ యాత్ర: అడవి బాగుంది, అద్దె సైకిల్ చూసి తీసుకోండి

వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవిలో సాయంత్రం పూట గుంపుగా కొండ సైకిళ్లు తొక్కించడానికి మనిషికి 1,400 రూపాయలు తీసుకున్నారు. సైకిల్ అద్దె, హెల్మెట్, తిరిగొచ్చాక టీ, ఉడకబెట్టిన పల్లీలు అందులోనే. ఇది కాక సైకిల్‌కు 2,000 డిపాజిట్. నేను, నా భార్య తమ్ముడు, పదో తరగతి చదువుతున్న అతని కూతురు, మా ఆఫీసు మిత్రుడు, నలుగురం వెళ్లాం. అడవి బాటలు మా అందరికీ నచ్చాయి. గుంపు చివర నడిచిన స్థానిక యువకుడైతే మమ్మల్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. సైకిళ్లు అద్దెకిచ్చిన వాళ్లు మాత్రం నిలువునా ముంచారు. వాళ్ల పేరు రాయను. సైకిల్ చేతికిచ్చినప్పుడు ఏమేం చూసుకోవాలో రాస్తాను, ఎవరి దగ్గర తీసుకున్నా పనికొస్తుంది.

హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా కారులో వెళ్లాం. రెండు గంటల పైచిలుకు పట్టింది. దారిలో చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు.

మూడున్నరకు బయలుదేరతామని చెప్పిన వాళ్లు నాలుగు దాటినా సైకిళ్లు పంచుతూనే ఉన్నారు. డిసెంబర్ మొదటి వారంలో ఇక్కడ ఆరు గంటలు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. చీకటి పడేలోపు అడవిలోంచి బయటికి రావాలని అటవీ సిబ్బంది ముందే చెప్పి ఉన్నారు. అంటే వాళ్లు జాగు చేసిన ప్రతి నిమిషమూ మా డబ్బులోంచి పోతున్నట్టే. దానికి తోడు అందరికీ తలదీపాలు ఇస్తామని ఫోనులో చెప్పి, పద్నాలుగు మందికి రెండే తెచ్చారు. అప్పుడు ముడుచుకున్న మా బావమరిది మొహం చాలాసేపు విచ్చుకోలేదు.

ఇక సైకిళ్ల సంగతి. బయటికి కొండ సైకిళ్లే. లావు టైర్లు, ముందు సస్పెన్షన్, మెరిసే రంగు. నాకిచ్చిన దాని వెనక బ్రేకు లివరు నొక్కితే హ్యాండిల్‌ను తాకేదాకా వచ్చింది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. డిస్క్ బ్రేకు ప్యాడ్లు అరిగి రేకు మిగిలింది. మార్చమని అడిగితే, "ఇది కొండబాట కదా సార్, ఎక్కువగా ఎక్కుడే ఉంటుంది" అన్నాడు నిర్వాహకుడు. ఎక్కినవాడు దిగకుండా అక్కడే కాపురం పెడతాడా? గట్టిగా నిలబడితే ఇంకో సైకిల్ ఇచ్చాడు. దాని బ్రేకు కేబుల్ కూడా వదులుగానే ఉంది. లివరు దగ్గరుండే చిన్న మరను తిప్పి నేనే బిగించుకున్నాను.

ఈ గొడవ జరుగుతుంటే మా మేనకోడలు వాళ్ల నాన్న సైకిల్ పక్కన నిలబడి ఫోటోలు దిగుతోంది. ఆ ఫోటోల్లో ఒకటి తర్వాత మాకు డబ్బు వెనక్కి ఇప్పించింది.

గుంపు ముందు నిర్వాహకుడు. చివర, ఎవరూ వెనకబడిపోకుండా చూసేందుకు దగ్గరి ఊరి యువకుడు. ఊళ్లో బోరు మోటార్లు బాగుచేస్తాడట. కదిలే ముందు అతను ప్రతి సైకిల్ దగ్గరికీ వచ్చి టైరు నొక్కి చూశాడు. గాలి బండరాయిలా బిగించి ఉంది. కొద్దికొద్దిగా తీసేశాడు. "మొరం మీద గట్టి టైరు నిలవదు సార్. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. మరీ మెత్తగా ఉంటే రాయి తగిలి ట్యూబు తెగుతుంది" అన్నాడు. 1,400 తీసుకున్న వాళ్లు చెప్పాల్సిన మాట ఇది.

అనంతగిరి నేల ఎర్ర మొరం. పైన గుండ్రటి చిన్న రాళ్లు, వాటి మీద ఎండిన టేకాకులు. ఆకుల కింద రాయి ఉందో గుంత ఉందో కనబడదు. మొదటి దిగుడులోనే ఇద్దరు జారి పడ్డారు, మోచేతులు గీరుకుపోయాయి. మా మేనకోడలు దిగుడు మొదట్లోనే కాలు కింద పెట్టి ఆగిపోయింది. ఆ యువకుడు తన సైకిల్ పక్కన పడేసి వచ్చి, సీటు నాలుగు వేళ్లు కిందికి దించి, "ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టకమ్మా. రెండూ మెల్లగా పట్టు. ఒళ్లు వెనక్కి జరుపు. రాయిని చూడకు, నువ్వు పోవాల్సిన చోటు చూడు" అన్నాడు. అమ్మాయి దిగింది. అడుగుకు చేరి "మామయ్యా, నువ్వూ సీటు దించుకో!" అని కేక వేసింది. ఆ తర్వాత తనను ఆపడమే మాకు కష్టమైంది.

మధ్యలో ఒక చోట చెట్ల కింద ఆగాం. ఎదురుగా వాలులో సన్నటి వాగు, అక్కడక్కడా నీటి మడుగులు. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే అని అతను చెబితే మా అమ్మాయి నమ్మలేదు. ఆమెకు తెలిసిన మూసీ చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకుని దాటేది. 1908లో హైదరాబాద్‌ను ముంచింది ఈ నదే అనీ, ఆ వరద తర్వాతే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయనీ మా ఆఫీసు మిత్రుడు చెప్పాడు. మా అమ్మాయి వంగి ఆ నీళ్లు ముట్టుకుని, "ఇంత తేటగా ఉందేమిటి?" అంది. ఆ సాయంత్రం మేము ఇచ్చిన డబ్బుకు నిండుగా ముట్టింది ఈ పది నిమిషాలే.

ఆ తర్వాతి ఎక్కుడులో మా బావమరిది సైకిల్ ఫట్టుమంది. ఎక్కుడు కోసం అతను తేలిక గేరు వేశాడు. చైన్ వెనకాల పెద్ద పళ్ల చక్రం మీదికి ఎక్కగానే, గేరు మార్చే భాగం ఆకుల్లోకి, అంటే చక్రం పుల్లల్లోకి పోయి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క రెండుగా విరిగింది. ఆ ముక్కను హ్యాంగర్ అంటారు. నిర్వాహకుడు చాలా ముందుకు వెళ్లిపోయాడు. ఫోనులో సిగ్నల్ లేదు. వెలుతురు తగ్గుతోంది. "సైకిల్ ఇక్కడే పడేసి నడుద్దాం బావా" అన్నాడు మా వాడు విసుగ్గా.

వెనక వస్తున్న యువకుడు నడుముకు కట్టుకున్న సంచీ విప్పాడు. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, విరిగిన భాగాన్ని పూర్తిగా ఊడదీసి సంచీలో వేసుకున్నాడు. అరచేతిలో ఇమిడే చైన్ కోసే పనిముట్టుతో ఒక లింకు దగ్గర పిన్ను నెట్టాడు, పూర్తిగా బయట పడిపోకుండా అంచున ఆపాడు. చైన్‌ను వెనక మధ్య పళ్ల చక్రానికి తిన్నగా వేసి, మిగిలిన లింకులు తీసేసి, బిగువుగా కలిపి, అదే పిన్నును మళ్లీ లోపలికి నెట్టాడు. ఆ లింకు గట్టిగా పట్టేసి ఉంటే రెండు బొటనవేళ్లతో అటూ ఇటూ వంచి వదులు చేశాడు. పెడల్ తిప్పి చూపించి, "ఇప్పుడు ఒకే గేరు సార్. ఎక్కుడు వస్తే నడవండి, మిగతా అంతా తొక్కొచ్చు" అన్నాడు. పావుగంట కూడా పట్టలేదు. మసక వెలుతురులో అడవి దాటాం. డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు. మా బావమరిది బలవంతంగా జేబులో 500 పెట్టాడు.

తిరిగొచ్చాక అసలు తంతు. హ్యాంగర్, గేరు భాగం పాడుచేశామని డిపాజిట్‌లో 1,500 పట్టుకుంటామన్నారు. "కొండ మీద ఏం విరిగినా తొక్కినవాళ్లదే బాధ్యత" అని మొండికేశారు. రసీదు మీద అలాంటి మాట ఒక్కటీ లేదు. అప్పుడు మా మేనకోడలు ఫోను తీసి, బయలుదేరక ముందు దిగిన ఫోటో పెద్దది చేసి చూపించింది. సైకిల్ వెనక భాగం స్పష్టంగా ఉంది. గేరు మార్చే భాగం అప్పటికే పుల్లల వైపు వంగి ఉంది. అలా వంగిన సైకిల్‌కు తేలిక గేరు వేస్తే విరిగి తీరుతుంది. మోటార్లు బాగుచేసే యువకుడు వాళ్ల ముందే ఆ మాట చెప్పాడు. వాళ్లిచ్చే కూలి మీద ఆధారపడ్డ మనిషి అలా చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! గంట వాదన తర్వాత 900 తిరిగిచ్చారు, 600 మింగారు. టీ చల్లారిపోయింది. పల్లీలు మేము వచ్చేసరికే అయిపోయాయి.

అందుకే చెబుతున్నాను. సైకిల్ తీసుకునే ముందు దాని వెనక నిలబడి చూడండి. గేరు భాగం నిట్టనిలువుగా వేలాడాలి. రెండు బ్రేకులూ పట్టి ముందుకు తోస్తే చక్రం జరగకూడదు. అన్ని వైపులా ఫోటోలు తీసి, వాళ్లకు కనబడేలా తీయండి. ఒప్పుకోకపోతే ఆ 1,400 వేరే చోట ఖర్చుపెట్టండి.

రాత్రి వికారాబాద్ పట్టణంలో చిన్న భోజనశాలలో తిన్నాం. పళ్లెం 160 రూపాయలు. పొయ్యి మీదినుంచి నేరుగా వచ్చిన జొన్న రొట్టె, తాండూరు కందిపప్పు, పచ్చిమిరప కారం, ఉల్లిపాయ. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పప్పు నోట్లో పడ్డాక దానికి ఆ పేరెందుకు వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. చింతపండు తక్కువ, వెల్లుల్లి తాలింపు ఎక్కువ, పప్పు గింజ పూర్తిగా చితికిపోకుండా చిక్కగా ఉంది. వడ్డించే పెద్దావిడ రొట్టె ముక్క చేసి మా అమ్మాయి పళ్లెంలో వేసి, "అంత తొక్కి వచ్చావు, ఇంకొకటి తినమ్మా" అని నిలబడింది. నాలుగో రొట్టెతో మా బావమరిది మొహం పూర్తిగా విచ్చుకుంది. ఊరికి వెళ్లినవాళ్లు రిసార్టుల్లో 700 పెట్టి బఫే తినకండి.

బస చేసిన గది 2,200. తాండూరు బండలు పరిచిన శుభ్రమైన నేల, వేడి నీళ్లు, మందపాటి దుప్పట్లు. డిసెంబర్‌లో ఇక్కడ చలి గట్టిగానే ఉంటుంది. అంతకు మించి చెప్పడానికేమీ లేదు. పొద్దున అనంత పద్మనాభస్వామి దర్శనం చేసుకుని బయలుదేరాం.

జనవరిలో మళ్లీ వెళుతున్నాం, ఈసారి సొంత సైకిళ్లతో. కారు వెనక తగిలించే స్టాండు రోజుకు 350కి అద్దెకు దొరుకుతోంది. దారి చూపించడానికి ఆ యువకుడినే అడిగాం. మనిషికి 500 చొప్పున ఒప్పుకున్నాడు, మధ్యాహ్నం మూడింటికల్లా అడవి అంచున ఉండాలన్నది ఒక్కటే అతని షరతు.