సినిమా, మీడియా చదువు: యూనివర్సిటీయా, ఫిల్మ్ స్కూలా, నేరుగా సెట్టుకా?

సినిమా రంగంలోకి వెళ్లాలనుకునేవాళ్లకు ప్రధానంగా మూడు దారులున్నాయి. యూనివర్సిటీలో ఫిల్మ్, మీడియా డిగ్రీ చేయడం, ఫిల్మ్ స్కూల్లో ఏదో ఒక విభాగం నేర్చుకోవడం, చదువు పక్కన పెట్టి నేరుగా సెట్టులో అసిస్టెంటుగా చేరడం. వీటిలో ఏది మేలో చెప్పాలంటే సినిమా అంటే ఎంత ఇష్టమన్నది చాలదు. అందులో ఏ పనిని ఏళ్ల తరబడి విసుగు లేకుండా చేయగలరో తెలియాలి.

యూనివర్సిటీలో చేరగానే కెమెరా చేతికిస్తారని చాలామంది అనుకుంటారు. తీరా చూస్తే సినిమా చరిత్ర, సిద్ధాంతాలు, మీడియా చట్టాలు, పేజీల కొద్దీ వ్యాసాలు. దాంతో నీరుగారిపోతారు. నా దృష్టిలో ఆ డిగ్రీ అసలు బలం అక్కడే ఉంది. ఒకే నటుడి ముఖాన్ని వేర్వేరు షాట్ల పక్కన పెడితే ప్రేక్షకుడికి అందులో వేర్వేరు భావాలు కనిపిస్తాయని సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ వందేళ్ల కిందటే చెప్పాడు. అది బుర్రకెక్కినవాళ్లకు ప్రకటన, వార్తా కథనం, డాక్యుమెంటరీ ఏది ఇచ్చినా ఎక్కడ కట్ చేయాలో, ఎందుకు చేయాలో అర్థమవుతుంది.

అందుకే ఈ డిగ్రీతో వెళ్లగల ఉద్యోగాలు ఎక్కువ. న్యూస్, పీఆర్, సబ్‌టైటిలింగ్, స్క్రిప్టులు చదివి అభిప్రాయం రాసే పని, డాక్యుమెంటరీలకు పరిశోధన, ఫెస్టివల్‌కు సినిమాల ఎంపిక, పైచదువులు చదివితే బోధన. ఆర్కైవ్ పని, అంటే పాత సినిమాలను భద్రపరిచే పని గురించి మాత్రం ఎవరూ చెప్పరు. 1950ల ఆరంభం దాకా వాడిన నైట్రేట్ ఫిల్మ్ ఇట్టే అంటుకుంటుంది, దానంతటదే పాడైపోతుంది కూడా. ఎన్నో మూకీలు అలాగే మనకు దక్కకుండా పోయాయి. మిగిలినవాటిని కాపాడటానికి 1938లో ఆర్కైవుల అంతర్జాతీయ సమాఖ్య ఫియాఫ్ ఏర్పడింది. చరిత్ర మీద ప్రేమ, సాంకేతికత మీద పట్టు రెండూ ఉన్నవాళ్లకు ఇంతకన్నా తగిన పని నాకు కనిపించదు.

కెమెరా, సౌండ్, ఎడిటింగ్ అని ముందే తేల్చుకున్నవాళ్లకు ఫిల్మ్ స్కూలే మంచిది. 1919లో మాస్కోలో మొదలైన వీజీఐకే నుంచి 1960లో వచ్చిన పుణె ఇన్‌స్టిట్యూట్ దాకా ఈ స్కూళ్ల ప్రాణం ప్రాక్టికల్సే. లైటింగ్ చెడినా నిర్మాత డబ్బు పోదు, మళ్లీ తీయొచ్చు. బయట ఆ వెసులుబాటు దొరకదు. పైగా తోటి విద్యార్థులే రేపు పనికి పిలిచేవాళ్లు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. మధ్యలో మనసు మారితే వేరే రంగానికి మళ్లడం కూడా కష్టమే.

సెట్టులో పని తొందరగా వస్తుంది, అందరితో పరిచయాలూ పెరుగుతాయి. కానీ క్లాప్ కొట్టే కుర్రాడికి తన మూల నుంచి కనిపించినంతే తెలుస్తుంది. నేర్పే సీనియర్ దొరికితే అదృష్టం, లేకపోతే ఏళ్లు అలా గడిచిపోతాయి. ఇంటి ఖర్చులకు తన జీతమే ఆధారమైన వాళ్లకు ఇది చాలా టెన్షన్.

దర్శకత్వానికి మాత్రం ఫలానా చదువే ఉండాలని లేదు. స్టాన్లీ కుబ్రిక్ పత్రికా ఫొటోగ్రాఫర్‌గా మొదలయ్యాడు. క్రిస్టఫర్ నోలన్ లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లిష్ సాహిత్యం చదువుతూ, అక్కడి ఫిల్మ్ సొసైటీ పరికరాలతో షార్ట్ ఫిల్ములు తీశాడు.

ఇంకా ఏదీ తేల్చుకోని పద్దెనిమిదేళ్లవాళ్లకు నేను యూనివర్సిటీ డిగ్రీనే చెప్తాను, సెలవుల్లో ఏదో ఒక షూటింగ్‌లో పని చేసే షరతు మీద. చేరేముందు బ్రోషర్ పక్కన పెట్టి అక్కడి మూడో ఏడాది విద్యార్థులతో మాట్లాడండి. ఎడిటింగ్ రూమ్ రాత్రిళ్లు తెరిచి ఉంటుందా? కెమెరా వారానికి ఎన్ని గంటలిస్తారు? తీసిన సినిమా హక్కులు విద్యార్థివా, యూనివర్సిటీవా?