జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్: 2022 నుంచి వాడుతున్న రైల్వే పెన్షనర్ రివ్యూ

నేను రైల్వేలో గార్డుగా చేసి 2016లో విజయవాడ డివిజన్‌లో రిటైర్ అయ్యాను. 2022లో ఆ పోస్టు పేరు ట్రైన్ మేనేజర్ అని మార్చారు, మాకు మాత్రం ఇప్పటికీ గార్డే. నవంబర్ వస్తే మా రైల్వే పెన్షనర్లందరూ బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, దానికి ఈ ఫేస్ యాప్ ఎలా ఉంది, వాడొచ్చా అని చాలామంది అడుగుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నా. ముందే చెప్పేస్తున్నా, యాప్‌కి 5కి 5 స్టార్లు ఇస్తాను. కానీ దాన్ని ఎలా వాడాలో నాకు రెండేళ్ళు పట్టింది తెలియడానికి, ఫోన్‌లో ఎలా నొక్కాలో కాదు, అది పది నిమిషాల్లో వచ్చేస్తుంది, నేను చెప్పేది వేరే సంగతి.

ముందు పని సంగతి. లైఫ్ సర్టిఫికెట్‌ని ఆన్‌లైన్‌లో ఇచ్చే ఈ జీవన్ ప్రమాణ్ పద్ధతి 2014లో మొదలైంది, అప్పట్లో వేలిముద్ర మెషిన్ కావాలి. మా వయసోళ్ళకి వేలిముద్రలు ఎక్కడ పడతాయండీ, అరిగిపోయి ఉంటాయి, మా ఆవిడకైతే అంట్లు తోమీ తోమీ బొటనవేలు నున్నగా అయిపోయింది, ఆధార్ సెంటర్లో ఎన్నిసార్లు పెట్టినా పడలేదు. 2021 నవంబర్లో ముఖం చూపించి చేసుకునే పద్ధతి తెచ్చారు, దాంతో ఆ బాధ పోయింది. ప్లే స్టోర్‌లో రెండు యాప్‌లు దించుకోవాలి, ఒకటి ఆధార్ ఫేస్ ఆర్డీ, రెండోది జీవన్ ప్రమాణ్. ముందు ఫోన్ ఎవరిదో వాళ్ళని ఆపరేటర్‌గా రిజిస్టర్ చేస్తుంది, ఆధార్, మొబైల్ నంబర్, ఈమెయిల్, ఓటీపీ, ముఖం స్కాన్, అంతే, అది ఒక్కసారి చేస్తే చాలు. తర్వాత పెన్షనర్ వివరాలు, పీపీఓ (పెన్షన్ ఆర్డర్ పుస్తకం) నంబర్, బ్యాంక్ అకౌంట్, పెన్షన్ సర్వీసుదా ఫ్యామిలీదా, ఎవరు శాంక్షన్ చేశారు, ఎవరు ఇస్తున్నారు, ఇవన్నీ నింపాలి. ఇక్కడ తొందరపడకండి, పీపీఓలో ఒక్క అంకె తప్పినా తర్వాత రిజెక్ట్ అవుతుంది. పుస్తకం పక్కన పెట్టుకుని ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టండి. మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా, మళ్ళీ ఉద్యోగం చేస్తున్నారా అని కూడా అడుగుతుంది, కంగారు పడక్కర్లేదు, కాగితం ఫారంలోనూ ఉండేవే అవి.

ముఖం స్కాన్ చేసేటప్పుడు వెలుతురు ముఖం మీద పడాలి, వీపు వెనక కిటికీ ఉంటే పని జరగదు. కళ్ళజోడు తీసెయ్యండి, రెప్పలు ఆర్పమన్నప్పుడు మామూలుగా ఆర్పండి, బిగుసుకుపోయి చూస్తూ ఉండకండి. అయిపోతే ప్రమాణ్ ఐడీ మెసేజ్ వస్తుంది, అది నోట్ చేసుకోండి, వారం ఆగి బ్యాంకులో ఎక్కిందో లేదో కనుక్కోండి. 80 దాటినవాళ్ళు అక్టోబర్ 1 నుంచే ఇచ్చుకోవచ్చు, నవంబర్ దాకా ఆగక్కర్లేదు. ఫోన్ లేనివాళ్ళకి పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసే పద్ధతి కూడా ఉంది, 2021లో హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు అలాగే చేయించుకున్నా, 70 రూపాయలు తీసుకున్నారు.

2022 నవంబర్ 1 పొద్దున కాఫీ తాగి వరండాలో కూర్చుని మా మనవడు పక్కనుంటే పది నిమిషాల్లో అయిపోయింది. ఎంత సంతోషమేసిందో. 2023లో అయితే నాలుగు నిమిషాలే. అదే రోజు సాయంత్రం ఏదో వెలితిగా ఉంది, ఏమిటో తెలియలేదు, ఏడు గంటలు దాటాక గుర్తొచ్చింది, ఈ ఏడాది నవంబర్లో నేను ఎవ్వరినీ కలవలేదు.

అంతకుముందు నవంబర్ అంటే మాకు పండగ లాంటిదండీ. బ్యాంకు తెరవకముందే వేపచెట్టు కింద మేం ఇరవై ముప్పై మందిమి. డ్రైవర్లు, గార్డులు, టీటీఈలు, గేట్‌మెన్, ఆఫీసుల్లో చేసినవాళ్ళు. "ఏం గురూ, ఇంకా ఉన్నావా" అనేది పలకరింపు, వినేవాళ్ళకి అశుభంగా ఉంటుందేమో గానీ మేం వచ్చిందే అది చెప్పుకోడానికి. ఒకళ్ళ పెన్ను పదిమంది వాడేవాళ్ళం, ఒకళ్ళ ఫారం ఒకళ్ళం నింపేవాళ్ళం, ఎవరి షుగర్ ఎంత, ఎవరి మనవరాలికి సీటొచ్చింది, ఎవరు పడిపోయారు, ఎవరు పోయారు, అన్నీ ఆ రెండు మూడు గంటల్లో తెలిసిపోయేవి. రాకపోతే "ఫలానాయన కనపడట్లేదేం" అని ఎవడో ఒకడు అడిగేవాడు, ఇంకొకడు వెళ్ళి చూసొచ్చేవాడు. సర్టిఫికెట్ అయ్యాక దగ్గర్లో పెసరట్టు ఉప్మా తిని ఇళ్ళకి పోయేవాళ్ళం.

గార్డు ఉద్యోగం తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఆఫీసులో చేసేవాళ్ళు పక్కపక్క కుర్చీల్లో ముప్పై ఏళ్ళు కూర్చుంటారు. మాకలా కాదు, బండికి ఒక్కడే గార్డు, కాబట్టి స్నేహితుడితో కలిసి డ్యూటీ చేసిన రోజే ఉండదు. మా స్నేహాలన్నీ రన్నింగ్ రూముల్లోవే, అంటే డ్యూటీ దిగాక మేం ఆగే విశ్రాంతి గదులు. గూడూరులోనో రాజమండ్రిలోనో కాజీపేటలోనో బండి దిగి, మనం తెచ్చుకున్న బియ్యం కూరగాయలు వంటాయనకి ఇస్తే ఆయన వండిపెట్టేవాడు, ఆ భోజనం దగ్గర నువ్వెటు నేనెటు అని మాట్లాడుకునే నలభై నిమిషాలే స్నేహం. మధ్యలో డ్యూటీకి పిలవడానికి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు, బుక్కులో సంతకం పెట్టి కళ్ళు నులుముకుంటూ పోవడమే, చెప్పేమాట సగంలో ఉంటే మళ్ళీ పదిహేను రోజులకి ఎక్కడో ఇంకో రన్నింగ్ రూములో అక్కడి నుంచి అందుకునేవాళ్ళం.

మాలో ఒకాయన ఉండేవాడు, బందరువాడు, అందుకని అందరం బందరాయన అనేవాళ్ళం. మౌలాలి ట్రైనింగ్ నుంచి ఆయనా నేనూ ఒకే బ్యాచ్. ఊరెళ్ళొచ్చాడంటే చిన్న స్టీలు డబ్బాలో బందరు లడ్డు తెచ్చేవాడు, అది డ్యూటీ సామాను పెట్టుకునే తన లైన్ బాక్స్‌లో జెండాలు, డిటొనేటర్ల (పట్టాల మీద పేలి డ్రైవర్‌ని హెచ్చరించేవి) డబ్బా పక్కనే పెట్టుకుని తిరిగేవాడు, ఎప్పుడు ఎవరు కలుస్తారో తెలియదు కదా, కలిసినవాడికి పెట్టేవాడు. రాత్రిపూట తెనాలి బాపట్ల మధ్య ఎదురుబండి వస్తే వెనక గార్డు ఉండే బ్రేక్ వ్యాన్ లోంచి పచ్చలైటు ఊపుతాం, అంతా సరిగ్గా ఉందని. ఎవరి చెయ్యి అయినా ఒకేలా ఊగుతుంది, ఆయనది మాత్రం కాదు, ఊపి ఊపి చివర్లో ఒక్క క్షణం పైన ఆపేవాడు. ఆ లైటు ఆగిందంటే అందులో ఉన్నది బందరాయన అని నాకు తెలిసిపోయేది. ఆ క్షణంలో రెండు బళ్ళూ దాటిపోయేవి. ముప్పై ఏళ్ళలో అలా ఎన్ని రాత్రులో లెక్కలేదు.

రిటైరయ్యాక నాలుగు నవంబర్లు ఆ వేపచెట్టు కిందే కలిశాం. 2020లో కరోనా వల్ల గడువు ఫిబ్రవరి దాకా పొడిగించారు, 2021 జనవరిలో మాస్కులతో వెళ్తే అందరం గుర్తుపట్టలేకుండా ఉన్నాం, ఆయన్ని నడకని బట్టి పట్టుకున్నా. చెయ్యెత్తి పైన ఆపాడు. అదే ఆఖరు. తర్వాత ఏడాది నేను హైదరాబాద్, ఆ తర్వాత యాప్. ఆయన నంబర్ మారిందని ఎవరో అన్నారు, కొత్తది తీసుకోవాలి అనుకుంటూనే ఉన్నా. వాట్సాప్ గ్రూపులో ఉన్నాడులే అనుకున్నా, గ్రూపులో రోజూ గుడ్ మార్నింగులు వంద వస్తాయి, ఎవరు పెట్టట్లేదో ఎవరికి తెలుస్తుంది చెప్పండి.

2024 జూన్‌లో రైల్వే ఆసుపత్రిలో నెల మందుల కోసం లైన్లో నిలబడితే పాత టీటీఈ ఒకాయన కలిశాడు. మాటల్లో "మీ బందరాయన పోయి తొమ్మిది నెలలు కాలేదూ, నువ్వు రాలేదేంటి" అన్నాడు. మందులు తీసుకోకుండానే బయటికి వచ్చేశాను. తొమ్మిది నెలలండీ. వెనక్కి లెక్కేస్తే నేను వరండాలో కూర్చుని నాలుగు నిమిషాల్లో అయిపోయిందని సంబరపడ్డ నవంబర్ నాటికే ఆయన లేడు. వేపచెట్టు కింద కలిసే రోజులైతే ఆ రోజే తెలిసేది, "కనపడట్లేదేం" అని నేనే అడిగేవాడిని.

తప్పు యాప్‌ది కాదు, ఇది నేను గట్టిగా చెప్తాను. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు ఆటోలో బ్యాంకుకి వచ్చి నిలబడే బాధ తప్పింది, అది చాలా పెద్ద మేలు. తప్పు మాది, కలవడానికి బ్యాంకు పని ఒక వంక అని మాకు తెలుసు, ఆ వంక పోయినప్పుడు ఇంకోటి వెతుక్కోవాల్సింది, వెతుక్కోలేదు. డిసెంబర్ 17 పెన్షనర్స్ డే ఉంది, 1982లో సుప్రీంకోర్టు నకారా కేసు తీర్పు ఇచ్చిన రోజు అది, మన పెన్షన్లకి పునాది లాంటి తీర్పు, వెళ్తాను, గౌరవం ఉంది. కానీ అక్కడ ఉపన్యాసాలు, శాలువాలు, పక్కనున్నవాడితో నాలుగు మాటలు మాట్లాడే తీరికుండదు.

అందుకని 2024 నవంబర్లో నేను ఒక పని చేశాను. యాప్‌లో ఒక ఆపరేటర్ ఎంతమందికైనా చెయ్యొచ్చు, ఇది చాలామంది గమనించట్లేదు. తెలిసిన నంబర్లన్నిటికీ ఫోన్ చేసి "ఎవరూ ఇంట్లో చేసుకోవద్దు, పిల్లల చేత చేయించుకోవద్దు, 3వ తారీఖు ఆదివారం పొద్దున సత్యనారాయణపురం మా వరండాకి రండి, నా ఫోన్లోనే అందరికీ చేస్తా" అన్నాను. ఏడుగురు వచ్చారు. మా ఆవిడ ఉప్మా, అల్లం చట్నీ చేసింది. ఒకాయన పీపీఓ చదువుతుంటే ఒకాయన సరిచూస్తుంటే నేను కొడుతున్నా, ఒక్కొక్కరిని వెలుతురు వైపు కుర్చీలో కూర్చోబెట్టి రెప్పలు ఆర్పిస్తున్నాం, నాలుగు నిమిషాల పని మనిషికి అరగంట పట్టింది, ఎవరికీ తొందర లేదు.

బందరాయన భార్యని కూడా నేనే వెళ్ళి పిలిచాను, వాళ్ళబ్బాయి స్కూటర్ మీద దింపి వెళ్ళాడు. "అన్నయ్యగారూ, నాకివన్నీ తెలియవు" అని పీపీఓ పుస్తకం చేతిలో పెట్టింది. అదే ఆయన పుస్తకం, అదే నంబర్, లోపల ఆయన ఫొటో. నంబర్ కొట్టి, సర్వీస్ అని ఉన్నచోట ఫ్యామిలీ అని మార్చి నొక్కడానికి నాకు కాసేపు పట్టింది. స్కాన్ మొదటిసారి పడలేదు, ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ కూర్చుంటే రెండోసారి పడింది.

వెళ్ళేముందు సంచీలోంచి ఆయన జేబు డైరీ తీసిచ్చింది, ఎవరెవరికి చెప్పాలో తెలియక అప్పుడు ఎవరికీ చెప్పలేకపోయామమ్మా అని మా ఆవిడతో అంది. అందులో ఇరవై ఆరు పేర్లున్నాయి, ఊరు, నంబర్, కొన్నిటి పక్కన ల్యాండ్‌లైనే. ఏడుగురం అక్కడే కూర్చుని వరసగా కొట్టాం. చాలావరకు లేవు, మారిపోయాయి. తొమ్మిది మంది ఎత్తారు. బిట్రగుంటలో ఉన్న డ్రైవరుగారైతే ఎవరో చెప్పకముందే గొంతు పట్టేసి "ఏ రన్నింగ్ రూమ్ నుంచి గురూ" అన్నాడు. 2025 నవంబర్లో ఆయన కూడా పాస్ రాయించుకుని వచ్చాడు, మొత్తం పదమూడు మందిమి అయ్యాం.

విజయవాడ చుట్టుపక్కల ఉన్న రైల్వే పెన్షనర్లు ఎవరైనా ఇది చదివితే, నవంబర్ మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, సత్యనారాయణపురంలో పాత గార్డుల్ని ఎవరిని అడిగినా మా వరండా చూపిస్తారు. ఆధార్, పీపీఓ, బ్యాంక్ పాస్‌బుక్, ఓటీపీ వచ్చే ఫోన్ తెచ్చుకోండి. ఇంట్లో పాత డైరీ ఏదైనా ఉంటే అది కూడా.