వేబ్యాక్ మెషీన్: ఏళ్ల తరబడి వాడాక

వేబ్యాక్ మెషీన్ అంటే వెబ్ పేజీల పాత ప్రతులను తేదీలవారీగా దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ సేవ (web.archive.org). మాయమైన పేజీలు వెతకడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు తగల్లేదు. 2001 నుంచి అందరికీ అందుబాటులో ఉంది, ఉచితం, చూడటానికి ఖాతా కూడా అక్కర్లేదు. అయినా చాలామంది ఒకసారి చూసి ‘ఏమీ లేదు’ అని వదిలేస్తారు. ఉండీ దొరకని సందర్భాలే ఎక్కువ.

ఇది పేజీలోని మాటలను పట్టి వెతకదు. అడ్రస్ ఇస్తే, ఫలానా రోజున అక్కడేముందో చూపిస్తుంది, అంతే. కాబట్టి సగం పని పాత అడ్రస్ సంపాదించడమే. బ్రౌజర్ హిస్టరీ, పాత మెయిళ్లు ముందు తవ్వండి. అడ్రస్ సగమే తెలిస్తే, తెలిసినంతవరకు కొట్టి చివర నక్షత్రం గుర్తు (*) పెట్టండి. దాచిన అడ్రస్‌ల పట్టిక వస్తుంది, ఫిల్టర్ పెట్టెలో గుర్తున్న ముక్క వేసి వడకట్టుకోవచ్చు. అడ్రస్ చివర సెషన్ నంబరు (ఒక్కో సందర్శనకు సైటు ఇచ్చే గుర్తింపు సంఖ్య) తోకలా ఉంటే కోసేయండి. ఆ తోక వల్ల అదే పేజీ వేరే పేజీగా లెక్కకొస్తుంది.

అడ్రస్ కొట్టాక వచ్చే క్యాలెండర్‌లో నీలం చుక్క అంటే పేజీ చిక్కినట్టు, ఆకుపచ్చ అంటే మరో అడ్రస్‌కు మళ్లినట్టు, నారింజ అంటే 404 (పేజీ దొరకలేదు) లాంటి తప్పు, ఎరుపు అంటే సర్వర్ తప్పు. నీలాన్నీ పూర్తిగా నమ్మకండి. కొన్ని సైట్లు ‘పేజీ లేదు’ అన్న మాటను కూడా మామూలు పేజీలాగే పంపుతాయి, అదీ నీలంగానే పడుతుంది. అందుకే చివరి చుక్క కాకుండా, పేజీ పోయిన తేదీకి ముందున్నది నొక్కాలి.

అసలు తిప్పలు పేజీలుగా విడిపోయిన జాబితాలతో. ‘తర్వాతి పేజీ’ నొక్కగానే తేదీ చప్పుడు చేయకుండా మారిపోతుంది. 1వ పేజీ మార్చిలోది, 2వది జులైలోది అనుకోండి. పేజీకి 20 చొప్పున, కొత్తవి పైన ఉండే జాబితాలో ఈలోగా 40 చేరితే, మార్చినాటి 2వ పేజీలోవి జులైలో 4వ పేజీకి దిగిపోతాయి. 2వ పేజీలో వెతికి లేదనుకుంటే పొరపాటు. పైన అడ్రస్‌లోని 14 అంకెలు చూస్తుండండి: సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను, అన్నీ గ్రీన్‌విచ్ కాలమానంలో. వాటిని చేత్తో మార్చినా దగ్గరి తేదీనాటి కాపీ తెరుచుకుంటుంది. పేజీ తెల్లగా వస్తే అంకెల వెంటనే ఐ, డి, అండర్‌స్కోర్ (id_) చేర్చండి. దాచిన ముడి రూపం వస్తుంది.

లాగిన్ వెనకున్నవి దొరకవు. కిందికి లాగేకొద్దీ లోడయ్యే పేజీలు తరచూ మొదటి తెర దగ్గరే ఆగిపోతాయి. యజమాని కోరితే మొత్తం సైటే తీసేస్తారు. 2024 అక్టోబరులో సైబర్ దాడితో కొన్ని రోజులు సేవే ఆగింది. అందుకే దొరికినదాన్ని అప్పుడే మీ దగ్గర కూడా దించుకోండి, 14 అంకెల అడ్రస్‌తో సహా.